ఫోటోకి ఎల్లలు రాద్దాం

(రాజమహేంద్రవరంలో ఒక ఆదివారం సాయంత్రం, ఊరి పాత ఫోటోలు, జ్ఞాపకాలు పోగుచేస్తున్న బృందం తరఫున చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారమండి. వెనక వరసల వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను కిందే కూర్చుంటామంటే నా మాట కాదు, ఫ్యాను చప్పుడే వినపడుతుంది. కాస్త ముందుకి జరగండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇందాక పరిచయం చేసిన తమ్ముడు నన్ను చరిత్ర పరిశోధకులు అన్నాడు. అంత లేదండి. బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషిని. సంతకం సరిపోయిందా లేదా, నోటు మంచిదా కాదా, ఇవి చూడ్డం మాత్రం అలవాటు. పాత ఫోటోల పనిలోకి దిగాక ఆ అలవాటే అక్కరకొచ్చింది.

మన ఊరికి చరిత్ర సంఘాలు కొత్త కాదు. రాజరాజనరేంద్రుడు పట్టమెక్కింది 1022లో అని లెక్క. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో ఈ ఊళ్లోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాళ్లబండి సుబ్బారావు గారు, ఆయనతో పాటు మరికొందరు పెద్దలు రాగిరేకులు, నాణేలు, శాసనాల నకళ్లు పోగుచేశారు. ఇంగ్లీషులో పత్రిక కూడా నడిపారు. మన ఊరి మ్యూజియానికి రాళ్లబండి వారి పేరే పెట్టారు. మీలో ఎంతమంది లోపలికి వెళ్లి చూశారు? చేతులెత్తండి. అయిదు... ఆరు... ఏడు. పర్లేదు, నేననుకున్నదాని కంటే ఎక్కువే. (నవ్వులు)

వేంగీ చాళుక్యుల రాగిశాసనాల్లో ఒక సంగతి నాకు భలే నచ్చింది. రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి ఉంటాయి. దానికి ముద్ర, ముద్ర మీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని బిరుదు. రాజుగారి వంశం, తాతముత్తాతలు, యుద్ధాలు, పొగడ్తలు అన్నీ సంస్కృతంలో దడదడా సాగిపోతాయి. ఫలానా ఊరు ఫలానా వారికి ఇచ్చాం అంటారు. ఆ తర్వాత పొలానికి ఎల్లలు చెప్పాలి కదా. తూర్పున ఏ గట్టు, దక్షిణాన ఏ చెట్టు. చాలా శాసనాల్లో సరిగ్గా ఆ చోటికి రాగానే భాష తెలుగులోకి దిగిపోతుంది. ఎందుకంటారు? పొగడ్త ఎవరికీ అర్థం కాకపోయినా కొంప మునగదు. గట్టు ఎక్కడో అర్థం కాకపోతే రేపు పొద్దున్నే తగువు. చివర్లో శాసనం కూర్చిన కవి పేరు, చెక్కినవాడి పేరు కూడా చాలావాటిలో ఉంటాయి. 1053 నాటి నందంపూడి శాసనం నన్నయభట్టు రాసిందని మనకి తెలిసింది అందుకే.

ఇప్పుడు మీ ఇంట్లో గోడకున్న ఫోటో తీసి వెనక్కి తిప్పండి. ఎల్లలేవి? రాసినవాడేడి? మహా అయితే స్టూడియో వాళ్ల రబ్బరు ముద్ర, అదీ సగం చెరిగిపోయి. అందులో మన పెద్దమ్మ పక్కన నిలబడ్డావిడ ఎవరో మనకి తెలీదు. అడుగుదామంటే పెద్దమ్మ లేదు.

మేం చేసిన తప్పు ముందు చెబుతాను. మా బృందం అంటే ఎనిమిది మందిమి. ఇద్దరు టీచర్లు, ఒక ఫోటోగ్రాఫరు, ఒక హోమియో డాక్టరుగారు, ముగ్గురు కాలేజీ పిల్లలు, నేను. ఆఫీసు లేదు, బోర్డు లేదు. చందాలేసుకుని స్కానరు ఒకటి కొన్నాం. ఇక మొదటి ఏడాదంతా స్కానింగ్ పిచ్చే. ఎవరింట్లో ఆల్బమ్ ఉందంటే అక్కడ వాలిపోవడం, స్కాన్ చేయడం, కాఫీ తాగడం, వచ్చేయడం. హార్డ్ డిస్కు నిండిపోతుంటే ఊరి చరిత్రంతా మా జేబులో ఉందనుకున్నాం. ఒకరోజు తీరిగ్గా కూర్చుని తెరిస్తే ఏముందండీ? కుర్చీలో పెద్దాయన, ఫైలు పేరు స్కాన్ 412. పక్కన ఆయన భార్య, స్కాన్ 413. ఎవరాయన? ఏ వీధి? ఏం చేసేవాడు? తెలిసినావిడ ఆ రోజు మా ఎదురుగా కూర్చుని, చక్కెర సరిపోయిందా బాబూ అని అడిగింది. మేం మాత్రం ఆవిణ్ణి ఏమీ అడగలేదు. మళ్లీ వెళ్దాం, మళ్లీ వెళ్దాం అనుకుంటుండగానే ఆవిడ పోయారు.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాం. ముందు మనిషి, తర్వాతే ఫోటో. ఫోటో చేతికివ్వడం, ఫోన్లో రికార్డింగు నొక్కడం, నోరు మూసుకుని కూర్చోవడం. మూడోదే కష్టం.

ఇన్నీసుపేటలో ఒకింటికి వెళ్లాం. స్టూడియోలో దిగిన ఫోటో. ముగ్గురు ఆడపిల్లలు. వెనక తెర మీద చెరువు, మేడ మెట్లు, రెండు హంసలు. పక్కన చిన్న బల్ల, దాని మీద కాగితం పూల కూజా. ఈ తెరలూ కూజాలూ మీ ఇళ్లలో ఫోటోల్లోనూ ఉంటాయి. ఇంటివాళ్లు, మా అమ్మమ్మ, ఆవిడ ఇద్దరు చెల్లెళ్లు అన్నారు. రాసేసుకున్నాం. ఇంతలో పక్కింటి మామ్మగారు వచ్చారు. చూపు సరిగ్గా ఆనదు. ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, వేలు మధ్యనున్న అమ్మాయి మొహం మీద కాదు, భుజం మీద పెట్టారు. “ఈ చీర నాది” అన్నారు.

ఉప్పాడ చీరట. ఆవిడ పెళ్లికి మేనమామ పెట్టింది. ఫోటో దిగాలని అడిగి పట్టుకెళ్లిన అమ్మాయి చెల్లెలు కాదు, ఆ ఇంట్లో వెనక వాటాలో అద్దెకున్న కంపౌండరుగారి కూతురు. “చీర తిరిగిచ్చేటప్పటికి కొంగున సిరా మరక. ఏమంటాం, ఊరుకున్నాను” అన్నారు. ఇన్నేళ్లయినా ఊరుకున్నట్టు మాత్రం లేదు. (నవ్వులు)

మీ పెళ్లెప్పుడు మామ్మగారూ అంటే తారీఖు చెప్పలేదు. “పుష్కరాలైన మరుసటి మాఘం” అన్నారు. గోదావరి పుష్కరాలు 1967లో. అంటే పెళ్లి 1968 మొదట్లో. ఆ ఫోటో అంతకు ముందుది అయ్యే వీల్లేదు. ఇంటివాళ్లు అప్పటిదాకా అది యాభైల్లో దిగిన ఫోటో అనుకుంటున్నారు. ఆ ఇంటి అబ్బాయి, మనవడు, ఫోన్లో ఏదో యాప్‌తో దానికి రంగులేశాడు. చాలా అందంగా వచ్చింది. చీర నీలం. మామ్మగారికి చూపించాడు. “నీలం ఏవిట్రా, కనకాంబరం రంగు. అంచు ఆకుపచ్చ” అన్నారు. ఆ యాప్‌లు వాడద్దని నేననను, పిల్లల సరదా. రంగులేసింది వేరే ఫైలుగా పెట్టుకోండి, అసలుదాని మీద పెట్టకండి. ఆ చీర కనకాంబరం రంగు అన్న సంగతి మాత్రం ఏ యాప్‌కీ తెలీదు. ఇప్పుడు అది మా దగ్గర ఆవిడ గొంతులో ఉంది.

తారీఖుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్లని ఏ సంవత్సరం అని అడక్కండి, తడబడతారు. పుష్కరాలకి ముందా తర్వాతా? పెద్ద వరదకి ముందా తర్వాతా? పెద్దాడు పుట్టాడా అప్పటికి? ఇలా అడగండి. రేవులో దిగిన ఫోటో అయితే వెనక వంతెనలు చూడండి. హేవలాక్ వంతెన 1900 నుంచీ ఉంది. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. ఆర్చి వంతెన మీద రైళ్లు తిరగడం, హేవలాక్ మీద ఆగిపోవడం 1997లో. వెనక ఆర్చీలు కనపడుతుంటే, ఇది స్వాతంత్ర్యం రాకముందుది అని మీ బాబాయిగారు ఎంత ఒట్టేసినా నమ్మకండి.

వంతెనలంటే గుర్తొచ్చింది. 74 వంతెన ఫోటోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. అంతకు ముందు కొవ్వూరు వెళ్లాలంటే రైలెక్కాలి, లేదా లాంచీ. లాంచీ నడిపిన ఒక సరంగుగారి అబ్బాయి దొరికారు మాకు, ఇప్పుడాయనకీ డెబ్బై దగ్గర. వాళ్ల నాన్న ఫోటో ఒక్కటీ లేదు. ఆయన చెప్పిందే ఉంది. “ఊరంతా వంతెన చూడ్డానికి పోయిందండి. మా నాన్న రాలేదు. రేవులోనే, కట్టేసిన లాంచీ మీద కూర్చున్నాడు. అన్నం తినడానికి కూడా రాలేదు. అమ్మ క్యారేజీ ఇచ్చి నన్ను పంపించింది” అన్నారు. మన దగ్గరున్న వంతెన ఫోటోలన్నిటికీ పక్కన ఈ మాట కూడా పెట్టాలా వద్దా? నేనైతే ముందు ఇదే పెడతాను.

ఫోటోలు ఉన్నవాళ్ల ఇళ్లకే తిరిగితే లాయర్లు, డాక్టర్లు, కలపవ్యాపారులు, నాలుగు పెద్ద కుటుంబాలు, అంతటితో ఊరు అయిపోతుంది. చాలా ఇళ్లలో తాతగారికి ఉన్నది ఒకే ఒక్క ఫోటో, దండ వేసింది. అదీ ఎలా వచ్చింది? ఆయన పోయాక రేషన్ కార్డులోంచో, ఎవరి పెళ్లి గ్రూప్ ఫోటోలోంచో తల ఒక్కటి పెద్దది చేయించి, స్టూడియోలో కోటు తగిలిస్తే వచ్చింది. ఒక పెద్దమ్మ మాతో అన్నది, “మా ఆయన బతికుండగా చొక్కాయే సరిగ్గా వేసుకోలేదు బాబూ, చచ్చాక కోటేశారు” అని. అలాంటి ఇంట్లో ఫోటో స్కాన్ చేసుకొచ్చేస్తే చరిత్రలోకి అబద్ధపు కోటు ఎక్కుతుంది. కోటు సంగతి కూడా రాయాలి.

ఇప్పుడు వరద గురించి. 1986 ఆగస్టు. ఇక్కడున్న సగం మందికి నేను చెప్పక్కర్లేదు. 16వ తారీఖున భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అంకెలు ఇవి. లంక ఊరొకటి, పేరు చెప్పద్దన్నారు, అక్కడ ఒకావిడ మాకు ఒక ముద్ద చూపించారు. ఇటుకరాయంత ఉంది. పాత చీరముక్కలో చుట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకున్నారు. అవి ఫోటోలండి. ట్రంకుపెట్టెలో ఆరు రోజులు నీళ్లలో నాని, తర్వాత ఎండి, మామిడితాండ్ర పొరల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంచుల్లో తెల్లగా గీతల్లాగా ఒక్కో ఫోటో కనపడుతుంది. బొమ్మ ఒక్కటీ కనపడదు.

మా ఫోటోగ్రాఫరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తడిగా ఉన్నప్పుడే అయితే మంచినీళ్లలో వేసి మెల్లగా విడదీయవచ్చు, నీడలో బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టవచ్చు, ఇన్నేళ్లకి చెప్పలేం, ప్రయత్నిస్తే కొన్ని రావచ్చు, కొన్ని మొత్తానికి పోవచ్చు అన్నాడు. ఆవిడ వద్దన్నారు. “విడదీస్తే మొహాలు ఊడిపోతాయేమో. ఇలా ఉంటే అందరూ ఉన్నట్టే కదా” అన్నారు.

సరేనని లేవబోతుంటే మా కాలేజీ పిల్ల, చిన్నది, “అందులో ఏమేం ఉన్నాయో గుర్తున్నాయా అత్తయ్యా?” అంది. ఆవిడ ముద్ద ఒళ్లో పెట్టుకున్నారు. పైన వేలు పెట్టి, ఇది మా అక్క పెళ్లి, పీటల మీద, బావ నవ్వుతున్నాడు, వాళ్లమ్మ వద్దంటున్నా నవ్వాడు అన్నారు. వేలు కాస్త కిందకి జరిపారు. ఇది మా నాన్న ధవళేశ్వరం ఆనకట్ట మీద, చేతికి కొత్త వాచీ, వాచీ కనపడాలని చెయ్యి ఇలా పెట్టాడు. ఇంకాస్త కిందకి. ఇది తమ్ముడు, పదో తరగతి హాల్‌టికెట్టుకి తీయించింది, ఆ ఏడే పోయాడు. అలా అంచు మీద వేలు జరుపుతూ పద్నాలుగు ఫోటోలు చెప్పారు. ఎవరు కుడి, ఎవరు ఎడమ, ఏ చీర, ఎవరు అలిగి రాలేదు, అన్నీ. ఇరవై ఏడు నిమిషాల రికార్డింగు. మా దగ్గరున్న ఆల్బమ్‌లన్నిటిలోకీ పూర్తి వివరాలున్న ఆల్బమ్ అదే. ఒక్క బొమ్మా లేదు.

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ ఎవరం మాట్లాడుకోలేదు.

సరే, ఇక మీరు చేయాల్సిన పని. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు ముందువైపు తేలుతుంది, సిరా దిగుతుంది. ఎడమ నుంచి పేర్లు రాసేటప్పుడు ఎవరికి ఎడమ అన్న తగువు మా దగ్గర వారానికోసారి వస్తుంది. చూసేవాళ్లకి ఎడమ. ఫోటోలో ఉన్నవాళ్లకి కాదు. పేరొక్కటే చాలదు, ఇంటిపేరు, ఊరు, ఏమవుతారు కూడా రాయండి. ‘సుబ్బలక్ష్మి’ అని రాస్తే మన జిల్లాలో ఏ సుబ్బలక్ష్మి? ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు కూడా. ‘ఫలానావారి భార్య’ అని మాత్రం రాసి ఊరుకోకండి, ఆవిడకీ ఒక పేరు పెట్టే ఉంటారు. కింద మీ పేరు, రాసిన తేదీ వేయండి. శాసనం చెక్కినవాడే వేసుకున్నాడు, మీకెందుకు మొహమాటం?

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని పీకకండి. అద్దంతో సహా తెండి, అలాగే తీస్తాం. లామినేషన్ మాత్రం చేయించకండి, మీకు దణ్ణం పెడతాను. భద్రంగా ఉంటుందని మా అమ్మ ఫోటోకి నేనే చేయించాను. ఆ వేడికి మొహం మీద బుడగలొచ్చాయి, ఇక దాన్ని ఊడదీసే దారి లేదు. వాట్సాప్‌లో పంపేవాళ్లు మామూలుగా పంపితే వివరాలన్నీ అరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. స్కానరు ఉన్నవాళ్లు 600 డీపీఐ పెట్టండి. అంచులతో సహా స్కాన్ చేయండి. ఈ అంచుల సంగతికి మళ్లీ వస్తాను.

ఫోటోలు మాకు ఇవ్వక్కర్లేదు. ఇస్తామన్నా తీసుకోం. మొదట్లో ఒకింటి నుంచి ఆల్బమ్ ఇంటికి తెచ్చుకున్నాను, తీరిగ్గా చేద్దామని. ఆరు వారాలు నా దగ్గరే ఉంది. తిరిగిస్తే ఒక ఫోటో తక్కువ. మా ఇల్లంతా తిరగేశాను, ఇప్పటికీ దొరకలేదు. ఆ ఇంటివాళ్లు పర్లేదు మాస్టారూ అన్నారు గానీ, వాళ్లబ్బాయి ఎదురుపడితే నేనే పక్క సందులోకి తిరుగుతున్నాను. అప్పట్నుంచి ఫోటో మీ గడప దాటదు. స్కానరే మీ ఇంటికి వస్తుంది. కాగితం మీద సంతకం తీసుకుంటాం, నలుగురికీ చూపించవచ్చా, మీ ఇంటి వరకేనా, ఇప్పుడు వద్దు నా తర్వాత అయితే సరేనా అని. రెండో పెళ్లిళ్లు, ఆస్తి తగువులు, ఎవరు ఎవరితో లేచిపోయారు, అన్నీ చెబుతారు జనం. రికార్డింగు ఆపమంటే ఆపుతాం. ఒకే మనిషిని రెండు కుటుంబాలు మా తాతంటే మా తాత అన్నాయి ఒకసారి. ఇద్దరు చెప్పిందీ రాసి పెట్టాం. తీర్పు చెప్పడం మా పని కాదు.

2027లో మళ్లీ పుష్కరాలు. 2015లో నేను రేవులో కాసేపు నిలబడి చూశాను. పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతున్నాడు. తండ్రి పేరు గడగడా చెప్పేస్తున్నారు, తాత పేరు దగ్గర ఆగుతున్నారు, ఇక ఆడవాళ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి తడి చేతులతో ఫోన్లు తీస్తున్నారు. “అమ్మా, నాన్నమ్మ అత్తగారి పేరేంటే? త్వరగా చెప్పు, ఇక్కడ లైనుంది.” (నవ్వులు) నవ్వకండి, నేనూ చేశాను ఫోను.

ఇక అంచుల సంగతి. లైట్లు కాస్త ఆపండి. తెర మీద బొమ్మ వచ్చిందా? ఇది దానవాయిపేటలో ఒక వకీలుగారి కుటుంబం ఫోటో, స్వాతంత్ర్యానికి ముందుది. కుర్చీల్లో పెద్దలు, కింద చాప మీద పిల్లలు. ఈ చివర బాబు తల తిప్పాడు, మొహం చెరిగిపోయింది. ఇది ఇన్నేళ్లూ హాల్లో గోడకే ఉంది. ఫ్రేములోంచి తీస్తే, చుట్టూ అట్ట కింద కప్పబడిపోయిన అంచున ఒక మనిషి బయటపడ్డాడు. ఇదిగో, కుడి చివర. సగమే ఉన్నాడు. చేతిలో మడిచిన గొడుగు, భుజం మీద తువ్వాలు, కాళ్లకి చెప్పుల్లేవు. కెమెరా వైపు కాదు, పిల్లల వైపు చూస్తున్నాడు. ఆ కుటుంబంలో ఎవరికీ తెలీదు ఎవరో. అందరి పేర్లూ దొరికాయి, ఈయన పేరే లేదు. గుర్రబ్బండి తోలేవాడేమో అన్నారు ఒకరు, వంటాయనేమో అన్నారు ఇంకొకరు. మేం ఏదీ రాయలేదు. ఈ బొమ్మ పట్టుకుని నాలుగు పేటలు తిరిగాం.

వచ్చే ఆదివారం పది గంటలకి ఇదే హాల్లో స్కానరు పెట్టుకుని కూర్చుంటాం. ఫోటో లేనివాళ్లు కూడా రండి, పెద్దవాళ్లని తీసుకురండి. మెట్లెక్కలేని వాళ్లుంటే చెప్పండి, మేమే ఇంటికొస్తాం.

ఏవండీ? వెనక... ఆ పెద్దాయన ఏదో అంటున్నారు. ఎవరు? గొడుగు పట్టుకున్నాయనా? కూర్చోండి కూర్చోండి, లేవకండి. బొమ్మ అలాగే ఉంచు. మైకు అటివ్వు బాబూ, రికార్డింగు ఆపకు.